చిన్నపేగు చివరి 2 అడుగులు: ఒక కేస్ స్టడీ

రోగిని గుర్తుపట్టే వివరాలు ఇందులో లేవు. జీర్ణవ్యవస్థలో ఏ భాగం ఏం చేస్తుందో పుస్తకంలో చదివి మరిచిపోయినవాళ్లకి, ఒక భాగం లేకపోతే ఏమవుతుందో చూపించే కేసు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫిర్యాదు

47 ఏళ్ల పురుషుడు, బ్యాంకులో క్యాషియర్. దాదాపు ఆరేళ్లుగా నీళ్ల విరేచనాలు, రోజుకు 7 నుంచి 9 సార్లు. వెంట తెచ్చిన చీటీలో ‘ఐబీఎస్, టెన్షన్‌తో ఎక్కువవుతోంది’ అని రాసి ఉంది. ఐబీఎస్ అంటే పరీక్షల్లో ఏ లోపమూ కనిపించకుండా పేగు పనితీరు మాత్రమే తేడా చేసే జబ్బు. టెన్షన్ ఉన్న మాట నిజమే. కౌంటర్‌లో డబ్బు లెక్కపెడుతూ మధ్యలో లేచి పరిగెత్తాల్సి వస్తే ఎవరికి మాత్రం ఉండదు? టెన్షన్ వల్ల మోషన్సా, మోషన్స్ వల్ల టెన్షనా అన్నది తేల్చాలి.

విరేచనాల గురించి అడిగేటప్పుడు ఎన్నిసార్లు అనేదానికన్నా ఎప్పుడు, ఎలా అనేవే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం. ఈయనకి తిన్న అరగంటలోపే వెళ్లాల్సి వస్తుంది. పలచగా, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులో, మంటతో అవుతుంది. రక్తం లేదు, జిగురు లేదు. తెల్లవారుజామున 4 గంటలకి మెలకువ వచ్చి మరీ వెళ్తారు. ఐబీఎస్‌లో ఇలా నిద్రలోంచి లేపే విరేచనాలు సాధారణంగా ఉండవు. కాబట్టి ఆ చీటీని అప్పుడే పక్కన పెట్టొచ్చు.

“ప్రయాణం ఉంటే ఏం చేస్తారు?” అని అడిగాను.

“ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినను డాక్టరు గారూ. తినకపోతే ఒక్కసారి కూడా రాదు. సాయంత్రం దిగాకే తింటాను.”

ఆయన దీన్ని బాధగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అది పెద్ద ఆధారం. పేగు లోపలి పొర తనంతట తానే నీళ్లు ఊరిస్తుంటే తిన్నా తినకపోయినా విరేచనాలు ఆగవు. తినకపోతే ఆగిపోతున్నాయంటే, భోజనంతో పాటు పేగులోకి దిగే ఏదో ఒకటి ఈ పని చేస్తోందన్నమాట. అది ఆహారమైనా కావచ్చు, ఆహారం కోసం శరీరమే వదిలే రసమైనా కావచ్చు.

లేవబోతుండగా ఆయన భార్య అన్నారు: “ముఖం కడుక్కునేటప్పుడు ఈమధ్య వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడుతున్నారండీ. చీకట్లో తూలుతున్నారు కూడా.” ఆయన కొట్టిపారేశారు. నీరసం అన్నారు. నేను మళ్లీ కూర్చోబెట్టాను.

పరీక్ష

బరువు ఆరేళ్లలో 5 కిలోలు తగ్గారు. మరీ బక్కచిక్కిన మనిషి కాదు. నాలుక ఎర్రగా, నున్నగా ఉంది. మామూలుగా నాలుక మీద చేతికి గరుకుగా తగిలే చిన్న బొడిపెలు అరిగిపోయాయి. పొట్ట మీద మధ్యగీత వెంట పాత ఆపరేషన్ మచ్చ, కుడివైపు కింద ఇంకా పాతది, చిన్నది మరొకటి. పొట్ట మెత్తగానే ఉంది, గడ్డలేమీ చేతికి తగల్లేదు.

కాళ్ల దగ్గరే ఎక్కువసేపు ఆగాను. 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కుని మోగించి కాలి బొటనవేలి ఎముక మీద పెడితే చల్లగా ఉందన్నారు తప్ప అదరడం తెలియలేదు. చీలమండ దగ్గరా తెలియలేదు. మోకాలి దగ్గర తెలిసింది. కళ్లు మూయించి బొటనవేలిని పైకీ కిందికీ కదిపి ఎటు కదిలిందో అడిగితే సగం జవాబులు తప్పు. పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమంటే కళ్లు తెరిచి ఉన్నంతసేపు బాగానే నిలబడ్డారు. కళ్లు మూయగానే తూలారు.

వాష్‌బేసిన్ రహస్యం ఇదే. కీళ్లు ఎక్కడున్నాయో మెదడుకి చెప్పే నరాలు వెన్నుపాము వెనక భాగంలో పైకి వెళ్తాయి. అవి దెబ్బతింటే మనిషి కళ్లతో సర్దుకుంటాడు. సబ్బు రాసుకుని కళ్లు మూసుకున్న క్షణంలో ఆ ఆసరా పోతుంది. నున్నటి నాలుకతో పాటు ఇది కూడా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది విటమిన్ బి12 లోపాన్నే.

ఒక మనిషిలో ఆరేళ్ల విరేచనాలు, బి12 లోపం, పొట్ట మీద మచ్చ. మూడూ వేరువేరు జబ్బులు కావచ్చు. కానీ మూడింటికీ ఒకే చిరునామా ఉండే చోటు పేగులో ఒకటి ఉంది.

పాత కాగితాలు

ఆపరేషన్ గురించి ఆయనకి తెలిసింది ఒక్క ముక్కే: “పేగు మెలిపడింది, తీసేశారు.” ఏ పేగు, ఎంత తీశారు అంటే తెలియదు. డిశ్చార్జ్ సమ్మరీలో ‘పేగు ఆపరేషన్, కోలుకున్నారు’ అని ఉంది, అంతకు మించి లేదు. అసలు ఆపరేషన్ నోట్, బయాప్సీ రిపోర్ట్ తెప్పించుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆగినందుకు ఫలితం దక్కింది.

నోట్ ప్రకారం, చిన్నప్పుడు అపెండిక్స్ తీసిన చోట లోపల ఒక పట్టీలాంటి అతుకు ఏర్పడింది. దాని కింద చిన్నపేగు ఇరుక్కుని రక్తప్రసారం ఆగి నల్లబడింది. సర్జన్ ఇలియం (చిన్నపేగు కింది భాగం) చివర ‘సుమారు 2 అడుగులు’, దాంతో పాటు సీకం (పెద్దపేగు మొదలు) తీసేసి, మిగిలిన ఇలియాన్ని పెద్దపేగు కుడి భాగానికి కలిపారు. అర్ధరాత్రి చేసిన ఆపరేషన్. ప్రాణం నిలబెట్టిన ఆపరేషన్. బయాప్సీ రిపోర్ట్‌లో మాత్రం ఇలియం పొడవు 48 సెంటీమీటర్లని ఉంది. ఈ తేడా చూసి కంగారు పడక్కర్లేదు. శరీరంలోంచి తీశాక కండరం బిగుసుకుని, ఫార్మలిన్‌లో ఉన్నాక పేగు ముక్క కుదించుకుపోతుంది. సర్జన్ కొలతే అసలుకి దగ్గర. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద లోపం వేరే ఉంది: ఎంత తీశారో రాశారు గానీ ఎంత మిగిలిందో రాయలేదు. బతికున్న మనిషిలో చిన్నపేగు 3 మీటర్ల నుంచి 8 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. అందరికీ 6 మీటర్లే అనుకోవడం పాఠ్యపుస్తకం సౌకర్యం.

పై నుంచి కిందికి

ఇక్కడ కేసు ఆపి, జీర్ణనాళాన్ని పై నుంచి కిందికి ఒకసారి చూద్దాం. ప్రతి చోటా ఒకటే ప్రశ్న: ఈయన జబ్బు ఇక్కడ ఉందా?

నోరు, అన్నవాహిక గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. నమలడం, మింగడం బాగున్నాయి. ఒక చిన్న సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. లాలాజలంలో హాప్టోకోరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మళ్లీ దీనితో పని పడుతుంది.

జీర్ణాశయం గోడలో పెరైటల్ కణాలుంటాయి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఊరించేది ఇవే. ఆహారంలో ప్రోటీన్‌కి అంటుకుని ఉన్న బి12ని ఈ ఆమ్లం, పెప్సిన్ అనే ఎంజైమ్ కలిసి విడదీస్తాయి. విడిపోయిన బి12ని హాప్టోకోరిన్ పట్టుకుని, ఆమ్లం తగలకుండా కిందికి దాటిస్తుంది. అవే పెరైటల్ కణాలు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే మరో ప్రోటీన్‌ని కూడా వదులుతాయి. ఇలాంటిది ఒకటి ఉందని 1929లో చెప్పింది అమెరికన్ వైద్యుడు విలియం కాజిల్. అప్పట్లో పెర్నీషియస్ అనీమియా అంటే ప్రాణాంతక రక్తహీనత. ఆయన ఆరోగ్యవంతుల చేత మాంసం తినిపించి, గంట తర్వాత దాన్ని వాళ్ల జీర్ణాశయంలోంచి బయటికి తీసి, గొట్టం ద్వారా రోగుల కడుపులోకి పంపారు. రోగుల్లో ఎర్ర రక్తకణాలు పెరిగాయి. ఉత్త మాంసం ఇస్తే పెరగలేదు. ఇవాళైతే ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు. కానీ మాంసంలో ఒకటి, జీర్ణరసంలో ఒకటి, రెండూ కలిస్తేనే పని జరుగుతుందని తేలింది అక్కడే. మాంసంలో ఉన్నది బి12 అని తెలియడానికి 1948 దాకా ఆగాల్సొచ్చింది.

మా రోగికి ఎండోస్కోపీ చేసి జీర్ణాశయం నుంచి ముక్క తీసి చూశాం. పెరైటల్ కణాలు మామూలుగా ఉన్నాయి. వాటి మీద దాడి చేసే యాంటీబాడీలు లేవు.

తర్వాత డుయోడినం, అంటే చిన్నపేగు మొదటి భాగం. 25 సెంటీమీటర్లే ఉంటుంది, కానీ ఇంత రద్దీ ఉన్న చోటు జీర్ణనాళంలో మరొకటి లేదు. కొవ్వు ఇక్కడికి చేరగానే గోడలోని కణాలు కొలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ వదులుతాయి. దాంతో పిత్తాశయం ముడుచుకుంటుంది, పైత్యరసం దిగుతుంది, క్లోమం నుంచి ఎంజైములు వస్తాయి. జీర్ణాశయం నుంచి వచ్చిన ఆమ్లానికి విరుగుడుగా క్లోమం బైకార్బొనేట్ కూడా పంపిస్తుంది. క్లోమ ఎంజైములు హాప్టోకోరిన్‌ని ముక్కలు చేస్తాయి. అప్పుడు బి12 ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ చేతికి వస్తుంది. ఐరన్ ఎక్కువగా రక్తంలోకి వెళ్లేది ఇక్కడే. కాల్షియం చురుగ్గా లోపలికి వెళ్లేదీ ఇక్కడే.

దాని కింద జెజునం, అంటే చిన్నపేగు మధ్య భాగం. మనం తిన్న పిండిపదార్థాలు, ప్రోటీన్, కొవ్వు చాలావరకు ఇక్కడ దాటకముందే రక్తంలోకో లింఫ్‌లోకో వెళ్లిపోతాయి. లోపలి గోడ మీద మిల్లీమీటరు కూడా లేని, వేళ్లలా పొడుచుకొచ్చిన చూషకాలు లక్షల్లో ఉంటాయి. వాటి మీది కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఈ ఉపరితలమంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అని చాలా పుస్తకాల్లో ఉంటుంది. సరిగ్గా కొలిచి చూస్తే 30 చదరపు మీటర్ల చుట్టుపక్కల తేలింది. కోర్టులో ఆరో వంతు కూడా లేదు.

ఇప్పుడు రక్త పరీక్షలు చూద్దాం. రక్తంలో ఉండే ప్రోటీన్ ఆల్బుమిన్ 4.1, మామూలే. అంటే ప్రోటీన్ లోపలికి వెళ్తోంది. ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్, ఫోలేట్ (ఫోలిక్ యాసిడ్) కూడా బాగున్నాయి. ఆయన రెండేళ్లుగా ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వాడుతున్నారు కదా, ఇదేం ఆధారం అనొచ్చు. నిజానికి అదే మంచి ఆధారం. మింగిన మాత్ర రక్తంలో కనిపిస్తోందంటే డుయోడినం, జెజునం పని చేస్తున్నట్టే. క్లోమం వదిలే ఎంజైమ్ ఇలాస్టేజ్ మలంలో మామూలుగా ఉంది, కాబట్టి క్లోమం కూడా బాగానే ఉంది. గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బు యాంటీబాడీలు లేవు. థైరాయిడ్ బాగుంది.

బాగాలేనివి ఇవి: బి12 మిల్లీలీటరుకు 94 పికోగ్రాములు, 200 కన్నా తక్కువుంటేనే లోపం అంటాం. హిమోగ్లోబిన్ 11.2. ఎర్ర రక్తకణం పరిమాణం చెప్పే ఎం.సి.వి. 110, ఉండాల్సింది 80 నుంచి 100 మధ్య. విటమిన్ డి 14 నానోగ్రాములు. మలంలో కొవ్వు రోజుకు 11 గ్రాములు, 7 దాటకూడదు.

ఏది తగ్గిందో వరసగా చూస్తే పేగులో ఎక్కడ తేడా ఉందో తెలిసిపోతుంది. పైభాగం పనులన్నీ సాగుతున్నాయి. ఆగిపోయింది కింది పనే.

ఆ చివరి భాగం చేసే పని

ఇలియం అంటే చిన్నపేగు చివర్లో ఉండే చిన్న ముక్క అనుకోవడం పొరపాటు. జెజునం రెండు పాళ్లు, ఇలియం మూడు పాళ్లు. ఇంత పొడవులో పైభాగం జెజునానికి సాయంగా పనిచేస్తుంది. అసలు విశేషం చివర్లో, పెద్దపేగులో కలవడానికి ముందున్న అరమీటరు, మీటరులో ఉంది. ఇక్కడ రెండు పనులు జరుగుతాయి. వాటిని మరో చోట చేయించుకునే ఏర్పాటు శరీరంలో లేదు.

మొదటిది బి12. దాన్ని పట్టుకుని ఇంత దూరం వచ్చిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌ని గుర్తుపట్టే గ్రాహకాలు చివరి ఇలియం కణాల మీదే ఉంటాయి. జెజునం మీదుగా మీటర్ల కొద్దీ ప్రయాణించినా బి12ని అక్కడ ఎవరూ పట్టించుకోరు. గ్రాహకాలున్న చోటు కోసేస్తే అది నేరుగా పెద్దపేగులోకి వెళ్లి మలంతో పోతుంది.

మరి ఆపరేషన్ అయిన ఆర్నెల్లకే ఎందుకు కనిపించలేదు? కాలేయంలో 2 నుంచి 5 మిల్లీగ్రాముల నిల్వ ఉంటుంది. రోజుకు కావలసింది 2.4 మైక్రోగ్రాములు. ఆ లెక్కన చాలా ఏళ్లు రావాలి. కానీ కాలేయం కొంత బి12ని పైత్యరసంలో పేగులోకి వదులుతుంది. మామూలు మనిషిలో ఇలియం దాన్ని మళ్లీ వెనక్కి తీసుకుంటుంది. ఈయనలో తీసుకునే చోటే లేదు. కొత్తది రాదు, పాతది కారిపోతుంటుంది. అందుకే మూడు నుంచి అయిదేళ్లలో నిల్వ అడుగంటుతుంది. ఈయనకి తూలడం మొదలైంది ఆపరేషన్ తర్వాత అయిదో ఏట.

రెండోది పైత్య లవణాలు. విరేచనాల కథంతా ఇదే.

కొవ్వుని సన్నటి బిందువులుగా విడగొట్టి పేగు గోడ దాకా చేర్చడానికి పైత్య లవణాలు కావాలి. శరీరం మొత్తం మీద ఇవి ఉండేది 2 నుంచి 4 గ్రాములే. ఒక రోజు భోజనాలకి అది ఏమూలకీ చాలదు. డిపోలో బస్సులు తక్కువున్నప్పుడు ట్రిప్పులు పెంచినట్టు, శరీరం ఆ కాసిన్ని లవణాలనే రోజుకు 6 నుంచి 10 సార్లు తిప్పుతుంది. డుయోడినంలో దిగి, జెజునంలో కొవ్వు పని ముగించుకుని, చివరి ఇలియం చేరగానే అక్కడి ప్రత్యేక రవాణా ప్రోటీన్లు వాటిలో 95 శాతాన్ని పట్టి రక్తంలోకి ఎక్కిస్తాయి. పోర్టల్ సిర మీదుగా మళ్లీ కాలేయం, మళ్లీ పైత్యరసం. మలంతో పోయేది రోజుకు అర గ్రాము. ఆ మేరకు కాలేయం కొత్తగా తయారుచేస్తుంది. ఎంత తయారుచేయాలో దానికి చెప్పేది కూడా ఇలియమే. లవణాలు తన గుండా వెళ్తున్నప్పుడు ఎఫ్.జి.ఎఫ్. 19 అనే హార్మోన్ పంపి ‘ఇక చాలు’ అని ఆపుతుంది.

చివరి 2 అడుగులు పోతే ఏమవుతుంది? లవణాలు వెనక్కి వెళ్లలేక పెద్దపేగులో పడతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని మారుస్తుంది. అలా మారిన లవణాలు పెద్దపేగు గోడని రెచ్చగొట్టి నీళ్లు, ఉప్పు ఊరేలా చేస్తాయి, కదలికలు పెంచుతాయి. ఇటు ‘చాలు’ అని చెప్పే హార్మోన్ లేక కాలేయం ఇంకా ఎక్కువ తయారుచేస్తూ పోతుంది. మరింత లవణం, మరింత విరేచనం.

పెద్దపేగు మామూలుగా చేసే పని తలుచుకుంటే ఇది ఎంత ఇబ్బందో తెలుస్తుంది. మనం తాగేది, తినేదాంట్లో ఉన్నది కలిపి రోజుకు 2 లీటర్ల నీళ్లు. లాలాజలం, జీర్ణరసం, పైత్యరసం, క్లోమరసం, పేగు రసం కలిపి ఇంకో 7 లీటర్లు. ఈ 9 లీటర్లలో చిన్నపేగు ఏడున్నర లీటర్ల దాకా పీల్చుకుంటుంది. మిగిలిన లీటరున్నరని పెద్దపేగు పీల్చి, 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రం మలంలో వదులుతుంది. పీల్చుకోవాల్సిన గోడే ఊరించడం మొదలుపెడితే రోజుకు ఎనిమిది సార్లు వెళ్లడంలో ఆశ్చర్యం లేదు. తిన్నప్పుడే రావడానికి కారణమూ ఇప్పుడు తేలిపోయింది. తింటేనే పిత్తాశయం ముడుచుకుంటుంది.

జెజునం, ఇలియం మధ్య ఒక అన్యాయం ఉంది. జెజునం చాలావరకు కోసేసినా కాలక్రమంలో ఇలియం చూషకాలు పొడవు పెరిగి దాని పనులు నెత్తిన వేసుకుంటుంది. ఇలియం చివర పోతే జెజునం ఎంత ప్రయత్నించినా బి12 గ్రాహకాలు, లవణ రవాణా ప్రోటీన్లు తెచ్చుకోలేదు. రెండు అడుగుల పేగు అని ఊరికే అనడం కుదరదు, ఏ రెండు అడుగులు అన్నదే ముఖ్యం.

ఫోలిక్ మాత్రలు చేసిన పని

రెండేళ్ల కిందట హిమోగ్లోబిన్ 9.4 ఉందని ఎక్కడో ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ఇచ్చారు. 11.2కి పెరిగింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రక్తకణాల తయారీలో బి12 లేని లోటుని ఫోలిక్ యాసిడ్ కొంతవరకు పూడుస్తుంది. నరాలకి మాత్రం ఏ సాయమూ చేయదు. రక్తం నివేదిక బాగుపడుతూ ఉంటే వెన్నుపాములో నష్టం జరిగిపోతుంటుంది. ఎర్ర రక్తకణాలు పెద్దవిగా కనిపించే ఏ రక్తహీనతలోనైనా బి12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టకూడదని చెప్పేది అందుకే.

రాళ్ల సంగతి

రెండేళ్ల కిందటే కుడి కిడ్నీలోంచి ఒక రాయి పడింది. పరీక్షిస్తే కాల్షియం ఆక్సలేట్ అని తేలింది. ‘కాల్షియం రాయి’ అన్నారు కాబట్టి ఆయన పాలు, పెరుగు మానేశారు. చాలామంది చేసేదే.

ఇక్కడ పేగు ఇంకో చిక్కుముడి వేసింది. మామూలుగా ఆహారంలోని ఆక్సలేట్ పేగులో కాల్షియంతో కలిసి కరగని పదార్థమై మలంతో పోతుంది. కొవ్వు సరిగ్గా రక్తంలోకి వెళ్లకపోతే, మిగిలిన కొవ్వు ఆమ్లాలు ఆ కాల్షియాన్ని తమవైపు లాక్కుంటాయి. ఒంటరిగా మిగిలిన ఆక్సలేట్ పెద్దపేగు గోడ దాటి రక్తంలోకి, అక్కడి నుంచి మూత్రంలోకి వెళ్తుంది. పైత్య లవణాలు ఆ గోడని ఇంకా వదులు చేస్తాయి. ఆయన 24 గంటల మూత్రంలో ఆక్సలేట్ 68 మిల్లీగ్రాములు ఉంది, 45 లోపు ఉండాలి. పాలు మానేయడంతో పేగులో ఆక్సలేట్‌ని పట్టుకునే కాల్షియం ఇంకా తగ్గిపోయింది. అంటే రాయి రాకుండా చేసుకున్న పథ్యమే రాయికి దారి వేస్తోంది. కాల్షియం మానకూడదు, భోజనంతో కలిపి తీసుకోవాలి. వేళగాని వేళ వేసుకున్న మాత్ర దీనికి అంతగా పనికిరాదు.

వేరే కారణాలు చూశామా

చూశాం. కొలనోస్కోపీలో పేగు కలిపిన చోటు వెడల్పుగా, శుభ్రంగా ఉంది. పైకి బాగున్నట్టు కనిపించే పెద్దపేగులో కూడా సూక్ష్మదర్శినికి మాత్రమే దొరికే వాపు ఉండొచ్చు, అందుకని ముక్కలు తీసి పంపాం. ఏమీ లేదు. ఇలియం, సీకం మధ్య కవాటం కూడా ఆపరేషన్‌లో పోయింది కాబట్టి పెద్దపేగు బ్యాక్టీరియా చిన్నపేగులోకి పాకి ఉంటుందేమో అన్న అనుమానం న్యాయమైనదే. అలా పాకిన బ్యాక్టీరియా కూడా బి12ని తినేస్తుంది. గ్లూకోజ్ శ్వాస పరీక్ష చేశాం, మామూలుగా వచ్చింది.

పైత్య లవణాల నష్టాన్ని నేరుగా కొలిచే సెహ్‌క్యాట్ స్కాన్ మా దగ్గర లేదు. లేనప్పుడు అందరూ చేసేదే మేమూ చేశాం: మందు ఇచ్చి చూడడం.

చికిత్స

ముందుగా బి12. నరాలు దెబ్బతిన్నాయి కాబట్టి ఆలస్యం చేయలేదు. హైడ్రాక్సోకోబాలమిన్ 1000 మైక్రోగ్రాములు కండరంలోకి, రోజు విడిచి రోజు. మొదటి వారంలో పొటాషియం చూస్తూ ఉన్నాం, ఎందుకంటే కొత్త రక్తకణాలు ఒక్కసారిగా తయారవుతుంటే అది పడిపోవచ్చు. వారం తిరిగేసరికి రక్తంలో లేత ఎర్రకణాలు బాగా పెరిగాయి.

విరేచనాలకి కొలెస్టిరమైన్ 4 గ్రాముల పొడి, ఉదయం తినబోయే ముందు. రాత్రంతా పిత్తాశయంలో చేరిన లవణం మొదటి భోజనంతో దిగుతుంది, దాన్ని పట్టుకోవాలన్నది ఆలోచన. అది రక్తంలోకి వెళ్లే మందు కాదు. పేగులోనే ఉండి లవణాలకి అంటుకుని, వాటితో పాటు బయటికి పోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇలియం మీటరు లోపు పోయినప్పుడు కాలేయం అదనంగా పని చేసి లవణాల మొత్తాన్ని దాదాపు నిలబెట్టగలదు. అప్పుడు విరేచనాలకి కారణం పెద్దపేగులో పడే లవణాలే, కొలెస్టిరమైన్ బాగా పనిచేస్తుంది. మీటరు దాటి పోతే కాలేయం ఎంత చేసినా చాలదు. లవణాలే కరువై కొవ్వు అరగకుండా పోతుంది. అక్కడ ఈ మందు ఇస్తే ఉన్న కాస్త లవణాన్నీ లాక్కుని జబ్బు పెంచుతుంది. అలాంటివాళ్లకి కొవ్వు తగ్గించడమే మార్గం. ఈ తేడాని 1970 ప్రాంతంలో అలన్ హాఫ్‌మన్, పోలీ అనే పరిశోధకులు కలిసి చూపించారు. మలంలో కొవ్వు రోజుకు 20 గ్రాముల లోపు ఉన్నవాళ్లకి కొలెస్టిరమైన్ మేలు చేసింది. మా రోగికి 11 గ్రాములు, పోయింది 2 అడుగులు. పాత ఆపరేషన్ నోట్ కోసం రెండు వారాలు ఆగింది ఈ అంకె కోసమే.

నాలుగో రోజున ఫోన్ చేశారు. రెండు సార్లే వెళ్లారట, అదీ గట్టిపడిందట. తెల్లవారుజామున మెలకువ రాలేదు. ఆ పొడి రుచి గురించి మాత్రం ఇప్పటికీ తిడతారు. ఇసుక తాగినట్టుందని మధ్యలో మానేసేవాళ్లు చాలామంది. ముందు రాత్రే నీళ్లలో కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోమంటే కాస్త నయంగా ఉందన్నారు.

మిగతా మాత్రలన్నీ దీనికి గంట ముందైనా వేసుకోవాలి, లేదా నాలుగైదు గంటలు ఆగైనా వేసుకోవాలి. లేకపోతే ఈ పొడి వాటినీ పట్టేసుకుంటుంది. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ, కె విటమిన్లు ముందే అంతంత మాత్రం కాబట్టి ఏటా చూడాలి. విటమిన్ డి వారానికోసారి మాత్ర మొదలుపెట్టాం. భోజనంతో కాల్షియం, నీళ్లు ఎక్కువ, కొవ్వు మితంగా. పాలు, పెరుగు మళ్లీ తీసుకోమన్నాం.

ఏడాది తర్వాత

హిమోగ్లోబిన్ 13.8, ఎం.సి.వి. 91. విరేచనాలు రోజుకు రెండు. బరువు 3 కిలోలు పెరిగింది. మూత్రంలో ఆక్సలేట్ 44కి దిగింది.

నరాలు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. చీలమండ దగ్గర ట్యూనింగ్ ఫోర్కు ఇప్పుడు తెలుస్తోంది. బొటనవేలి మీద తెలియడం లేదు. కళ్లు మూసుకుని నిలబడితే కొద్దిగా ఊగుతారు గానీ పడరు. కోలుకోవడం ఎక్కువగా మొదటి ఆరు నెలల నుంచి ఏడాది లోపే జరుగుతుంది కాబట్టి ఇంతకన్నా పెద్ద మార్పు వస్తుందని ఆయనకి ఆశ పెట్టలేదు.

ఇంజెక్షన్ రెండు నెలలకోసారి చేశాక, “మాత్ర వేసుకోకూడదా డాక్టరు గారూ, జన్మంతా సూదేనా?” అని అడిగారు. అడగదగ్గ ప్రశ్నే. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్, ఇలియం అవసరం లేకుండానే బి12లో సుమారు ఒక శాతం పేగు గోడలోంచి దానంతటదే లోపలికి వెళ్తుంది. 1000 మైక్రోగ్రాముల మాత్రలో ఒక శాతమంటే 10 మైక్రోగ్రాములు, రోజు అవసరానికి మించే ఉంటుంది. చాలామందికి ఇది సరిపోతుంది. కానీ నరాలు ఒకసారి దెబ్బతిన్న మనిషి మాత్ర నాలుగు నెలలు మరిచిపోతే జరిగే నష్టం మళ్లీ పూడదు. పైగా ఆయన పొద్దున్నే పొడి తాగుతారు. ఇవి రెండూ చెప్పాను. ఆలోచించుకుని సూదే నయమన్నారు.

ఆఖరిసారి అల్ట్రాసౌండ్‌లో పిత్తాశయంలో 6 మిల్లీమీటర్ల రాయి కనిపించింది. ఇలియం చివర పోయిన ఇలాంటి రోగుల్లో ఇది అరుదు కాదు. నొప్పి లేదు, కామెర్లు లేవు. ముందుజాగ్రత్తగా తీసేద్దామా అని ఆయనే అడిగారు. వద్దన్నాను. పిత్తాశయం తీసేస్తే పైత్యరసాన్ని దాచే చోటు ఉండదు, అది అస్తమానం పేగులోకి కారుతూ ఉంటుంది. ఇలియం సరిగ్గా ఉన్నవాళ్లలోనే కొందరికి దాంతో విరేచనాలు పట్టుకుంటాయి. ఆర్నెల్లకోసారి స్కాన్ చేస్తున్నాం.